పదహారున్నర డిగ్రీల దగ్గరి చుక్క

పిండి జల్లెడలో చేప పొలుసు దొరకడంతో ఆ ఆదివారం పొద్దున ఇంట్లో గొడవ మొదలైంది.

పొలుసు ఒక్కటే. గోరులో సగం కూడా లేదు. అయినా శేషారత్నం గారు జల్లెడని వీధి వరండాలోకి తెచ్చి, ఎండకి ఎత్తిపట్టి, కళ్లజోడు సర్దుకుని మరీ అందరికీ చూపించారు.

"జంతికల పిండి జల్లించుకునే జల్లెడ ఇది. ఇందులో చేపలు కడిగిందెవరు?"

"కడగలేదు మామ్మా, వడకట్టానంతే," అంది మనవరాలు ఇందుజ. వరండాలో నేల మీద కూర్చుని గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి గీత గీసుకుంటోంది.

"చేపల్ని వడకట్టడమేంటే? అవేమైనా టీ పొడా?"

"చిన్న చేపలు మామ్మా. నిన్న నాన్నతో మండవల్లి వెళ్లాను కదా, మన చెరువు తూము దగ్గర పట్టాను. వలకి దొరకవు, జల్లెడకైతే దొరుకుతాయి."

శేషారత్నం గారు కొడుకు వైపు తిరిగారు. "ఏరా గోపీ, పిల్ల జల్లెడ చంకన పెట్టుకుని కారెక్కుతుంటే నీ కళ్లేమయ్యాయిరా?"

గోపీనాథ్ పేపరు దించకుండానే, "జల్లెడనుకోలేదమ్మా. ఏదో ప్రాజెక్టు సామాననుకున్నాను," అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్న జల్లెడ నీకు ప్రాజెక్టు సామానులా కనపడిందా?"

"ఇంతకుముందెప్పుడూ అది కారెక్కలేదు కదమ్మా. గుర్తుపట్టలేకపోయాను."

వంటింట్లోంచి వీరదుర్గ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఈ ఇంట్లో ఏ తగువైనా చివరికి ఆమె దగ్గరికే వస్తుంది. ఆవకాయ జాడీల మీద తేదీలు రాసేది ఆమె. పాలవాడి కొలత తేడా పడితే పట్టుకునేది ఆమె. ఎవరైనా లెక్క చెబితే, 'దుర్గ చూసిందా?' అని అడగడం ఆ ఇంట్లో అలవాటు.

"సబ్బు పెట్టి వేణ్ణీళ్లతో కడిగేస్తే పోదామ్మా?" అంది ఇందుజ తల్లి మొహంలోకి చూస్తూ.

"పోదు. ఏ వస్తువు ఏ పనికో ఆ పనికే వాడాలి ఇందూ. ఒకదాంట్లో ఒకటి కలిపేశాక ఏది ఎక్కడిదో ఎవరు చెప్పగలరు?"

శేషారత్నం గారికి ఆ తీర్పు నచ్చింది. "అలా చెప్పు! విన్నావుటే? కొల్లేట్లో చేపలన్నీ లెక్కపెట్టొచ్చిన మనిషి చెబుతోంది."

వీరదుర్గ జల్లెడ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇరవయ్యేళ్లకి పైగా ఆ మాట ఆ ఇంట్లో వినపడుతూనే ఉంది. పెళ్లిలో పురోహితుడి దగ్గర్నుంచి మొన్న గ్యాస్ స్టవ్ బాగుచేయడానికి వచ్చిన మనిషి దాకా అందరికీ శేషారత్నం గారు చెప్పారు: మా కోడలు ఎమ్మెస్సీ, ఏడాది పొడుగునా దోనెలో తిరిగి కొల్లేటి చేపల్ని లెక్కపెట్టింది, యాభై ఎనిమిది రకాలు. విన్న ప్రతిసారీ వీరదుర్గకి వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది.

నెల రోజుల నుంచి ఆ అంకెకి కొత్తగా ప్రాణం వచ్చింది. ఇందుజ డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. మంగళవారం ఏలూరులోనే వాళ్ల కాలేజీలో సెమినార్. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ జీవజాతులు ఎలా తగ్గిపోతాయన్నది ఆమె ఎంచుకున్న విషయం. పాత భూతద్దం కోసం అటకెక్కితే నల్లని రెక్సిన్ అట్ట వేసిన తల్లి పరిశోధన పుస్తకం దొరికింది. ఆ రోజు పిల్ల దుమ్ముతోనే కిందికి దిగొచ్చి, "అమ్మా! నా గ్రాఫుకి కావాల్సింది మన అటక మీదే ఉంది!" అని అరిచిన అరుపు వీరదుర్గ చెవుల్లో ఇంకా ఉంది.

ఇప్పుడు ఆ గ్రాఫునే వాళ్ల మామ్మకి విప్పి చెబుతోంది. అడుగున అడ్డంగా డిగ్రీలు, నిలువునా చేపల రకాలు.

"భూమికి నడుముందనుకో మామ్మా. ఆ నడుము దగ్గర ఎండ ఏడాదంతా ఉంటుంది. నీళ్లు గడ్డకట్టవు. అక్కడ ఒకే చెరువులో రకరకాల ప్రాణులు బతుకుతాయి. పైకి పోయేకొద్దీ చలి. రకాలు తగ్గిపోతాయి. ఇదిగో, ఇది అరవై డిగ్రీల దగ్గర ఒక సరస్సు. పదకొండే రకాలు."

"పాపం, చలికి ఎవరు మాత్రం ఉంటారులే."

"చలి ఒక్కటే కాదు, కారణాలు చాలా చెబుతారు. ఎన్నో వేల ఏళ్లు మంచు కిందే ఉన్న నీళ్లు అవి. మన నీళ్లకి అలాంటి ఆటంకం రాలేదు. ఇదిగో చూడు, మన కొల్లేరు. పదహారున్నర డిగ్రీలు. యాభై ఎనిమిది. అన్నిటికంటే పైనున్న చుక్క అమ్మది."

"మరి దీని కిందనున్న ఎర్ర చుక్కేంటి?"

ఇందుజ నవ్వింది. "అది నాన్న చెరువు. బొచ్చె, శీలావతి, రూప్‌చంద్. మూడే. అదీ పదహారున్నర డిగ్రీల దగ్గరే. లెక్క ప్రకారమైతే నాన్న చెరువు ఉత్తర ధ్రువం పక్కనుండాలి."

"ఏయ్," అన్నాడు గోపీనాథ్ పేపరు వెనకనుంచి. "నా చెరువులో ఇంకా బోలెడు దూరతాయి. చెత్త చేపలు. ఇప్పపిండి చల్లి చంపించేస్తాను కాబట్టి మూడు."

"ఆ చెత్త చేపలే నాన్నా నా గ్రాఫంతా!"

వంటింట్లో జల్లెడ తోముతున్న వీరదుర్గ, కూతురి గొంతులో ఆ సంబరం వినపడుతుంటే, తోమిన చోటే మళ్లీ తోమింది. పుస్తకం దొరికిన రోజే చెప్పేసి ఉంటే ఒక్క మాటతో పోయేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే పిల్ల దాని మీద గ్రాఫు గీసింది. వాళ్ల మేడంకి చూపించింది. అప్పుడు యాభై ఎనిమిది, ఇప్పుడు తను కొల్లేరు వెళ్లి లెక్కపెడితే ఇరవై మూడు, ఇరవయ్యేళ్లలో ముప్పై అయిదు రకాలు పోయాయని చివరి పేజీలో పెద్దక్షరాలతో రాసింది.

*

ఎనిమిదింటికి ఆదిలక్ష్మి వచ్చింది. ఆమెది కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. వారానికి మూడు రోజులు తెల్లవారకుండా ఆటోలో ఏలూరొచ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని ఈ పేటలో నాలుగు వీధులూ తిరుగుతుంది. ఆదివారం మాత్రం వీళ్ల వరండా మెట్టు మీదే కత్తిపీట వేసుకుని కూర్చుంటుంది. చుట్టుపక్కల వాళ్లు అక్కడికే వస్తారు.

"ఏవండీ అమ్మగారూ, జెల్లలు తెచ్చానండి. ఇంకా మూతులాడిస్తన్నాయి. పులుసెట్టుకుంటే ఈదంతా వాసనొస్తాది."

వీరదుర్గ గిన్నె తెచ్చి పక్కన నిలబడింది. ఆదిలక్ష్మి ఏ ఊరి నుంచి వస్తుందో మొదటి రోజే చెప్పింది. ఆ ఊరి పేరు విన్న క్షణం నుంచి ఆమె గురించి వీరదుర్గ ఇంకేమీ అడగలేదు. ఆరేళ్లుగా ఆమె తనంతట తనే చెప్పిన పిల్లల పెళ్లిళ్లు, మోకాలి నొప్పి, కొత్తిల్లు, అన్నీ తెలుసు. ఆమె పుట్టింటి సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

ఇందుజ కాగితం పట్టుకుని మెట్టు దగ్గర చతికిలబడింది. "ఆదిలక్ష్మీ, నేను పేర్లు చదువుతాను. ఇప్పుడు కొల్లేట్లో ఉంటే ఉందని చెప్పు, లేకపోతే లేదని చెప్పు. అమ్మ పుస్తకంలో లిస్టు."

"చదవండమ్మాయిగారూ. పరీచ్చ నాకా మీకా?"

"నీకే. మట్టగిడస."

"ఉంది."

"ఇంగిలాయి."

"ఉంది గానండి తక్కువ. చెయ్యి పెడితే ముల్లు దిగుద్ది, జరమొచ్చేస్తాది."

"గొరక."

"ఎందుకు లేదూ! నీళ్లు ఎండిపోయినా నడుచుకుంటా పోతాది, మొండిది."

"బొమ్మిడాయి, చేదుపరిగె, వాలుగ..." పేర్లు నడుస్తున్నాయి. ఆదిలక్ష్మి ఒక పక్క చేప కోస్తూనే, 'ఉంది', 'మా చిన్నప్పుడుండేది', 'మొన్న వానలకి ఒకటి పడింది' అని చెబుతోంది. ఇందుజ టిక్కులు పెడుతోంది.

"కొర్రమీను."

"ఉంది."

"కొర్రమట్ట."

"ఇప్పుడే చెప్పాను కదండీ, ఉందని."

"అది కొర్రమీను. ఇది కొర్రమట్ట."

"రెండూ ఒకటేనండి. మీరు ఇందుజగారు, ఇంట్లో ఇందూ. మనిషొకరే కదా?"

ఇందుజ తలెత్తి తల్లిని చూసింది. చూపులో అనుమానం లేదు, ఆశ్చర్యమే ఉంది. "అమ్మా, రెండుసార్లు పడిందేమో."

"అయ్యుంటుంది," అంది వీరదుర్గ.

"సరే, యాభై ఏడు." పిల్ల ఒకటి కొట్టేసి కిందికి వచ్చింది. "సావడాయి."

ఆదిలక్ష్మి కత్తిపీట మీద చెయ్యాపి, ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

"సావడాయి కొల్లేట్లోనా! ఎవరన్నా వింటే నవ్విపోతారండీ. అది సముద్రం చేపమ్మా. బారుగా, వెండి బెల్టులాగ. బందరు నుంచి ఐసు పెట్టెల్లో మార్కెట్టుకి వస్తాది. అది కొల్లేట్లోకి రావాలంటే బస్సెక్కి రావాలి!"

"అమ్మా?" అంది ఇందుజ. "అక్టోబరులో రెండు, నవంబరులో ఒకటి దొరికాయని రాశావు. దోనెలోంచి పట్టినట్టు."

చెప్పడానికి అదే సమయం. వీరదుర్గకి ఆ సంగతి తెలుసు. గిన్నె అంచు చేతిలో చల్లగా తగులుతోంది. ఎదురింటి వాళ్లమ్మాయి కూడా చేపల కోసం గేటు దగ్గర నిలబడి ఉంది.

"టైపు చేసినవాళ్లు తప్పు కొట్టుంటారు," అంది. "అప్పట్లో జాబ్ వర్కు షాపులో ఇచ్చేవాళ్లం కదా."

"అంతేనా!" ఇందుజ ఊపిరి వదిలింది. "నేనింకా భయపడ్డాను. యాభై ఆరు." దాన్నీ కొట్టేసింది. ఎవరి పుస్తకమైనా నాలుగుసార్లు సరిచూసుకునే పిల్ల అది. అమ్మది కాబట్టి చూడలేదు.

తర్వాత ఇందుజ పుస్తకం మొదటి పేజీ తిప్పింది. "ఆదిలక్ష్మీ, మీ ఊరాయన పేరు కూడా ఇందులో ఉంది, తెలుసా? 'ప్రతి నెలా నన్ను తన దోనెలో సరస్సంతా తిప్పి, చేపల పేర్లు చెప్పిన బంగారురాజు గారికి కృతజ్ఞతలు.' ఆయన ఇంకా ఉన్నారా?"

కత్తిపీట మీద చప్పుడు ఆగిపోయింది.

"పోయి ఆరేళ్లయిందండి," అంది ఆదిలక్ష్మి. "మా నాన్న."

"మీ నాన్నా! అమ్మా, విన్నావా? వాళ్ల నాన్నట! మరి చెప్పలేదేం ఆదిలక్ష్మీ? అమ్మని పన్నెండు నెలలు తిప్పాడు కదా, నువ్వు చూశావా?"

ఆదిలక్ష్మి తలెత్తి వీరదుర్గ మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో వీరదుర్గకి తెలియలేదు. బహుశా రెండు క్షణాలు. తర్వాత తల దించి, చేప తల ఒక్క వేటుతో తీసేసి, "తిప్పాడండి," అంది. "మా నాన్న చాలామందిని తిప్పేవోడు."

*

ముక్కలు కడిగి వంటింట్లో పెట్టి వీరదుర్గ మళ్లీ బయటికొచ్చేసరికి ఆదిలక్ష్మి తట్ట ఎత్తుకుని గేటు దాటింది. ఇందుజ లోపల ఫోనులో ఉంది. వీరదుర్గ చెప్పులైనా వేసుకోకుండా వీధి మలుపు దాకా వెళ్లి పిలిచింది.

"ఆదిలక్ష్మీ! అలా ఎందుకు చెప్పావు?"

ఆదిలక్ష్మి ఆగింది. తట్ట దించలేదు. "పిల్ల ముందు మిమ్మల్ని తక్కువ చెయ్యటం ఎందుకండీ."

"నన్ను గుర్తుపట్టావా?"

"ఆరేళ్ల కిందట మీ గుమ్మంలోకొచ్చిన మొదటి రోజే పట్టానండి. మీరు ఆ ఒక్కరోజూ వచ్చినప్పుడు ఆకుపచ్చ చుడీదారేసుకున్నారు. జలగ పట్టుకుంటే ఏడ్చారు. మా నాన్న సున్నం రాశాడు."

వీరదుర్గ చెప్పుల్లేని తన కాళ్ల వైపు చూసుకుంది.

"మళ్లీ నెల రెండో ఆదివారం వస్తానన్నారు కదండీ. ఆయన దోనె కడిగి, మీరు కూకోటానికి పలకేసి, మీకోసమని కొత్త గ్లాసు కొన్నాడు. మా గ్లాసులో తాగరేమోనని. ముందురోజు నుంచే ఒక్కో రకం చేప కుండల్లో వేసి ఉంచేవోడు, అమ్మగారు రాసుకుంటారని. కొర్రమీనుకి ఏరే కుండ. మిగతావాటిని తినేస్తాది కదండీ. సాయంత్రం దాకా చూసి, మళ్లీ నీళ్లలో వదిలేసేవోడు."

"ఎన్నాళ్లు?"

"ఉగాది దాకా చేశాడండి. మా అమ్మ తిట్టేది. 'సదూకునే పిల్ల, పనుండుంటాదిలే, ఆ పని తీరాక వస్తాది' అనేవోడు."

"ఎన్ని రకాలుండేవి ఆదిలక్ష్మీ? ఆ కుండల్లో?"

అడిగాక వీరదుర్గకి తన గొంతే కొత్తగా వినిపించింది. ఆదిలక్ష్మి ఒక్కసారి నిజంగా ఆలోచించింది.

"లెక్క ఎవరెట్టారండీ? ఆయనకి సదువు లేదు. రాసుకోటానికి మీరొస్తారని కదా ఉంచింది." తట్ట సర్దుకుంది. "ఎండెక్కుతోంది, వెళ్లొస్తానండి. జెల్ల పులుసులో మామిడికాయ ముక్కెయ్యండి, బాగుంటాది."

*

పులుసు పొయ్యి మీద ఉడుకుతుంటే వీరదుర్గ పడగ్గదిలో పుస్తకం తెరిచింది. ఇరవై రెండేళ్లలో దాన్ని చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి.

ఆ ఏడాది ఆమె తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో ఏలూరొచ్చి చదువుకునేది. ఆగస్టులో ఒక్కసారి కొల్లేరు వెళ్లింది. సెప్టెంబరులో గోపీనాథ్ వాళ్ల సంబంధం కుదిరింది. 'పెళ్లి నిశ్చయమైన పిల్ల దోనెల్లో తిరగడమేంటి' అన్నాడు ఆమె నాన్న. ఇన్నేళ్లూ ఆమె తనకి తాను చెప్పుకున్నది అంతవరకే. ఇప్పుడు ఆ పేజీలు చూస్తుంటే ఆ మిగతాది కూడా గుర్తొచ్చింది. నాన్న ఆ మాట అన్నప్పుడు ఆమె ఎదురు చెప్పలేదు. లోపల హాయిగా అనిపించింది. బురద, జలగలు, నాచు వాసన, ఇక ఏదీ అక్కర్లేదు.

డిసెంబరులో ఒక పొద్దున ఏలూరు చేపల మార్కెట్లో నోటుపుస్తకం పట్టుకుని మూడు గంటలు నిలబడింది. గంపలో ఉన్న ప్రతిదాని పేరూ అడిగి రాసుకుంది. ఒకరు కొర్రమీనన్నారు, పక్క గంప వాళ్లు కొర్రమట్ట అన్నారు. ఆమెకి పుట్టింట్లో చేపంటే కూరలో ముక్క. పేరు అడిగింది కానీ ఏ నీళ్లదని అడగలేదు. తర్వాత ఇంటికెళ్లి బల్ల ముందు కూర్చుని, పన్నెండు నెలల పట్టికలు, ఇంకా రాని నెలలవి కూడా, పెన్సిల్‌తో నింపింది. వానలప్పుడు అంకెలు కాస్త పెంచింది, ఏప్రిల్, మే నెలల్లో తగ్గించింది. ఎక్కడా రెండు నెలలు ఒకేలా రాకుండా చూసుకుంది. ఆ పని చేస్తున్నప్పుడు తను ఎంత తెలివిగా చేస్తోందో అని ముచ్చటపడిన సంగతి కూడా గుర్తుంది. చివర గైడ్ ఎర్ర సిరాతో, 'క్షేత్ర పరిశీలన ఎంతో శ్రద్ధగా జరిగింది' అని రాశారు.

పెళ్లైన రెండో ఏడాది ఈ ఇంట్లోనే ఎవరో సావడాయి తెస్తే, అది సముద్రం చేప అని తెలిసింది. ఆ రోజు అటక వైపు చూసి ఊరుకుంది.

ముప్పై అయిదు రకాలు పోయాయని పిల్ల రాసింది. పోయాయో లేదో, పోతే ఎన్ని పోయాయో, ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగిన కుండలు నెల నెలా ఒడ్డు మీద ఎదురుచూశాయి. ఆమె వెళ్లలేదు. సావడాయినైతే ఇవాళ జాబితాలోంచి కొట్టేయొచ్చు. ఆ కుండల్లో ఉన్నవాటిని మాత్రం ఇప్పుడు ఏ జాబితాలోకీ ఎక్కించలేరు. ఆమెని కుర్చీలోంచి లేవనివ్వనిది అదే.

*

ఒంటిగంటకి అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. వీరదుర్గ వడ్డించి తనూ కూర్చుంది. పులుసు బాగా కుదిరింది. మామిడికాయ వేసింది.

ఇందుజ కంచం వైపు చూడటం లేదు. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, మా మేడం ఫోన్ చేశారు. మంగళవారం నిన్ను కూడా రమ్మన్నారు. తల్లి లెక్కపెట్టిన సరస్సుని కూతురు మళ్లీ లెక్కపెట్టిందని స్టేజీ మీద చెప్పి, నీకు శాలువా కప్పుతారట. ఇద్దరి పేర్లతో కాలేజీ పత్రికలో వ్యాసం కూడా వేస్తారట."

"శాలువానా!" శేషారత్నం గారు ముద్ద ఆపేశారు. "ఏ చీర కట్టుకుంటావు దుర్గా? ఆ నెమలికంఠం రంగు గద్వాల్ కట్టుకో. ఒరేయ్ గోపీ, నన్నూ తీసుకెళ్లాలిరా. ముందు వరసలో కూర్చుంటాను."

"తీసుకెళ్తాలేమ్మా. జల్లెడ కూడా తెచ్చుకో, దానికీ కప్పిద్దాం."

ఇందుజ పడిపడి నవ్వింది. వీరదుర్గ నవ్వలేదు. కంచంలో చేతివేళ్లు దగ్గరికి చేర్చి పెట్టుకుంది.

"ఆ యాభై ఎనిమిదీ నేను లెక్కపెట్టలేదు," అంది.

"యాభై ఆరమ్మా ఇప్పుడు," అంది ఇందుజ నవ్వు ఆపకుండానే.

"యాభై ఆరూ కాదు. ఒక్కటి కూడా నేను లెక్కపెట్టలేదు ఇందూ. కొల్లేరు ఒక్కసారే వెళ్లాను. మార్కెట్లో నిలబడి పేర్లు రాసుకొచ్చాను. నెలల వారీ అంకెలన్నీ ఇంట్లో కూర్చుని వేసుకున్నాను. సావడాయి టైపింగ్ తప్పు కాదు. నా తప్పు."

ఇందుజ నవ్వు ఆగిపోయింది.

గోపీనాథే ముందు మాట్లాడాడు. మృదువుగానే మాట్లాడాడు. "ఇరవై రెండేళ్ల కిందటి సంగతి దుర్గా. ఆ రోజుల్లో సగం మంది అలాగే రాసేవారు. ఇప్పుడెవరు తవ్వుతారు? రెండు రోజులు ఊరుకుంటే అయిపోతుంది."

"రెండు రోజులు ఊరుకోవచ్చనే ఇరవై రెండేళ్లు ఊరుకున్నానండీ."

శేషారత్నం గారు కోడల్ని చూడటం లేదు. కంచం అంచు చూస్తున్నారు. "మరి నేను ఇంతమందికి చెప్పానే," అన్నారు మెల్లగా. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపమైతే వీరదుర్గకి తేలికగా ఉండేది.

"మీరు నమ్మింది చెప్పారు అత్తయ్యగారూ. నేనే వంటింట్లోకి వెళ్లి నిలబడేదాన్ని."

ఇందుజ చెయ్యి కంచంలోనే ఎండిపోతోంది. "పొద్దున అడిగాను కదమ్మా. నీ మొహంలోకి చూసి అడిగాను. టైపు చేసినవాళ్లన్నావు."

"అవును."

"మరి ఆదిలక్ష్మి? వాళ్ల నాన్న తిప్పాడంది కదా?"

"నా పరువు కాపాడటానికి అబద్ధం చెప్పింది. వాళ్ల నాన్న ప్రతి నెలా నాకోసం రకరకాల చేపలు కుండల్లో వేసి ఎదురుచూశాడు. నేను పోలేదు. ఆయన పేర్లు చెప్పాడని పుస్తకంలో రాసింది నా కల్పనే."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. వీరదుర్గ లేచి దగ్గరికి వెళ్లబోయి ఆగిపోయింది. ఓదార్చే హక్కు తనకి ఇవాళ లేదనిపించింది. కూర్చునే చెప్పింది.

"మంగళవారం నేను వస్తాను. చీర ఏదైనా పరవాలేదు. మీ మేడంతో ముందే మాట్లాడతాను. శాలువా వద్దంటాను. స్టేజీ మీదకి పిలిస్తే ఇప్పుడు చెప్పిందే అక్కడ చెబుతాను. నువ్వు నమ్మి మోసపోయావని, తప్పు నీది కాదని చెబుతాను."

"దుర్గా," అన్నాడు గోపీనాథ్.

"ఇంకోటి కూడా ఉందండీ. వచ్చే నెల రెండో ఆదివారం నుంచి కొల్లేరు వెళ్తాను. ప్రతి రెండో ఆదివారం, పన్నెండు నెలలు. ఆదిలక్ష్మిని అడుగుతాను, తీసుకెళ్తే వెళ్తాను. తీసుకెళ్లనంటే ఒడ్డున కూర్చుంటాను. చూసిందే రాస్తాను. పది రకాలైతే పదే. ఆ రోజు వంట మీరు చూసుకోవాలి."

శేషారత్నం గారు తలెత్తారు. మజ్జిగ గ్లాసు కోడలి వైపు జరిపారు.

"మరి నా గ్రాఫు?" అంది ఇందుజ. "పదహారున్నర దగ్గర ఏం పెట్టను?"

"మీ నాన్న చెరువు మూడు ఉంచు, అది లెక్కపెట్టిందే. నీ ఇరవై మూడూ ఉంచు. నా చుక్క తీసెయ్యి. ఆ చోటు ఖాళీగా వదిలెయ్యి. ఎందుకు ఖాళీ అని ఎవరైనా అడిగితే, మా అమ్మ వెళ్లలేదని చెప్పు."